వినేది ఒకరు, తేల్చేది మరొకరు: దేశదేశాల పరిపాలనా న్యాయాన్ని ఒక్క ప్రశ్నతో చదవడం

పరిపాలనా న్యాయాన్ని, అంటే ప్రభుత్వాధికారుల నిర్ణయాలను అదుపులో ఉంచే న్యాయాన్ని, వేర్వేరు దేశాల్లో పోల్చి చదవాలనుకునే విద్యార్థికి మన పాఠ్యపుస్తకాలు చూపించే దారి దాదాపు ఒకటే. మొదట ఇంగ్లండు రాజ్యాంగ న్యాయ పండితుడు డైసీ వస్తాడు. ప్రభుత్వాధికారి కూడా అందరిలాగే మామూలు కోర్టుకే జవాబు చెప్పుకోవాలని, ఫ్రాన్సులోలాగా ప్రభుత్వ వ్యవహారాలకు వేరే న్యాయస్థానాలు ఉండటం ఇంగ్లండు సంప్రదాయానికి సరిపడదని 1885లో ఆయన రాసిన మాటలు వస్తాయి. ఆ తర్వాత ఫ్రాన్సులో 1799లో నెపోలియన్ నెలకొల్పిన కోన్సెయ్ దెతా (ప్రభుత్వ వ్యవహారాల మీద అక్కడి అత్యున్నత న్యాయస్థానం), జర్మనీ పరిపాలనా కోర్టులు, అమెరికాలో 1946 నాటి అడ్మినిస్ట్రేటివ్ ప్రొసీజర్ యాక్ట్, మన రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులు ఇచ్చే రిట్లు ఒక పట్టికలో పక్కపక్కన చేరతాయి. పరీక్ష గట్టెక్కడానికి ఆ పట్టిక సరిపోతుంది. అయితే దాన్ని ఎంత చదివినా, లైసెన్సు పోయిన మనిషికి, ఉద్యోగం ఊడిన మనిషికి, ఇల్లు ఖాళీ చేయమని నోటీసు అందిన మనిషికి ఆయా దేశాల్లో నిజంగా ఏం జరుగుతుందో మాత్రం అర్థం కాదు.

ఈ సబ్జెక్టును చాలా కాలంగా చదువుతూ, చెబుతూ ఉన్న నేను విద్యార్థులకు వేరే పద్ధతి సూచిస్తాను. సంస్థల పేర్లను కాసేపు పక్కన పెట్టి, ప్రభుత్వం అన్నది ఉన్న ప్రతిచోటా తలెత్తే ఒక చిన్న చిక్కును పట్టుకుని, దాన్ని ఒక్కొక్క దేశం ఎవరి చేత, ఏ దశలో విప్పించిందో చూడమంటాను. నేను ఎక్కువగా వాడే చిక్కు ఇది: మన మొర వినే అధికారి ఒకరు, ఫైలు మీద సంతకం చేసి నిర్ణయించే అధికారి మరొకరు అయినప్పుడు ఆ వినడానికి విలువ ఉంటుందా? ఆర్డీవో కార్యాలయానికో, ఏదైనా కమిషనరేటుకో ఒక్కసారైనా హియరింగుకు వెళ్లినవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఎదురుగా కూర్చున్న అధికారి మర్యాదగానే అంతా వింటాడు, రాసుకుంటాడు, కాగితాలు తీసుకుని "పైకి పంపుతాం" అంటాడు. ఆ పైన ఉన్నది ఎవరో, మనం చెప్పినదాంట్లో ఆయన దాకా చేరేది ఎంతో మనకు తెలియదు.

మన దేశంలో ఈ ప్రశ్న మీద అందరూ ఉదహరించే తీర్పు కృష్ణా జిల్లా బస్సు రూట్ల నుంచి పుట్టింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టానికి 1956లో 4-ఏ అధ్యాయాన్ని చేర్చి, ప్రైవేటు బస్సులు తిరిగే రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థ స్వాధీనం చేసుకునే వీలు కల్పించారు. రవాణా సంస్థ ఒక పథకం తయారుచేసి ప్రకటించాలి, దానివల్ల నష్టపోయేవారు అభ్యంతరాలు దాఖలు చేసుకోవాలి, రాష్ట్ర ప్రభుత్వం వాటిని విని పథకాన్ని ఆమోదించడమో మార్చడమో చేయాలి. ఇక్కడ బస్సులు నడపబోయేది ప్రభుత్వమే, అభ్యంతరాలు తేల్చేదీ ప్రభుత్వమే. కృష్ణా జిల్లా రూట్ల పథకం మీద బస్సు యజమానులు అభ్యంతరాలు పెట్టుకున్నప్పుడు, వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. ఆయన విన్న విషయాలన్నిటినీ కాగితం మీద పెట్టి పంపగా, ఆ శాఖ బాధ్యత కూడా తన చేతిలో ఉన్న ముఖ్యమంత్రి ఆమోదముద్ర వేశారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా పేరుపడిన ఆ వివాదంలో సుప్రీంకోర్టు 1958లో, మెజారిటీ అభిప్రాయం ప్రకారం, ఆ ఆమోదాన్ని కొట్టేసింది.

ఆ మెజారిటీ తీర్పు రాసింది కోకా సుబ్బారావు గారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా ఉండి, 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లి, 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన తెలుగువాడు. ఆయన వాదనలో రెండు పొరలు ఉన్నాయి. విన్న కార్యదర్శి అదే శాఖకు చెందినవాడు కాబట్టి, వివాదంలో ఒక పక్షమే న్యాయాధికారి పీఠం మీద కూర్చున్నట్టయిందన్నది మొదటిది. రెండోది, నాకు ఎప్పుడూ గొప్పగా అనిపించేది, హియరింగు అనేది దేనికోసమో ఆయన విప్పి చెప్పిన తీరు. ఎదుట నిలబడి మాట్లాడే మనిషి తీరును గమనించడానికి, వాదన మధ్యలో కలిగిన సందేహాన్ని అక్కడికక్కడే తీర్చుకోవడానికి వినేవాడికి అవకాశం ఉంటుంది. తన మాటతో ఆయన మనసు మార్చే అవకాశం చెప్పుకునేవాడికి ఉంటుంది. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఈ రెండూ పోయి, హియరింగు ఒట్టి మొక్కుబడి తంతుగా మిగులుతుంది. బాధ్యతను అలా రెండు ముక్కలు చేయడం సహజ న్యాయ సూత్రాలకు (ఎవరూ తన వివాదాన్ని తానే తేల్చకూడదు, ఎదుటివాడి మాట వినాలి అన్నవాటికి) విరుద్ధమని ఆయన తేల్చారు.

ఇక్కడితో ఆపేస్తే కథ చాలా బాగుంటుంది. పాఠ్యపుస్తకాలు చాలావరకు ఇక్కడే ఆపుతాయి కూడా. కానీ 1959 లా రిపోర్టుల్లో అదే పేరుతో రెండో తీర్పు ఉంది. మొదటి తీర్పు తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని, పథకాన్ని మళ్లీ ఆమోదించారు. శాఖాధిపతి అయిన మంత్రి కూడా పక్షపాతి కాడా అని బస్సు యజమానులు మళ్లీ కోర్టుకెక్కారు. కార్యదర్శి శాఖలో భాగమని, మంత్రి శాఖ పనులకు బాధ్యుడే తప్ప ఆ అర్థంలో శాఖలో భాగం కాడని చెప్పి, ఈసారి సుప్రీంకోర్టు పథకాన్ని నిలబెట్టింది. రెండు తీర్పులనూ వరసగా చదివించిన ఒక తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "అయితే ఆ బస్సుల వాళ్లకు చివరికి మిగిలిందేమిటి సార్?" అని అడిగింది. పోల్చి చదవడం మొదలుపెట్టవలసింది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. పౌరుడికి రక్షణ హియరింగులోనే ఉందని మనం నమ్మాం. అదే రక్షణను ఇతరులు ఎక్కడ ఉంచారో చూస్తే తప్ప, మన నమ్మకం బలమెంతో బలహీనతెంతో తెలియదు.

ఇంగ్లండులో ఇదే ప్రశ్న మనకంటే చాలా ముందే, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా కూడా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వచ్చింది. లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఒక ఇల్లు మనుషులు ఉండటానికి పనికిరాదని, దాన్ని మూసివేయాలని స్థానిక కౌన్సిల్ ఉత్తర్వు ఇచ్చింది. యజమాని ఆర్లిడ్జ్, స్థానిక సంస్థల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ అయిన లోకల్ గవర్నమెంట్ బోర్డుకు అప్పీలు చేసుకున్నాడు. బోర్డు పంపిన ఇన్‌స్పెక్టర్ బహిరంగ విచారణ జరిపి, ఇంటిని చూసి, నివేదిక ఇచ్చాడు. బోర్డు అప్పీలును తోసిపుచ్చింది. ఆ నివేదిక తనకు చూపించలేదని, తన అప్పీలును బోర్డులో అసలు ఎవరు నిర్ణయించారో కూడా తనకు తెలియదని ఆ యజమాని వాపోయాడు. 1915 నాటి లా రిపోర్టుల్లో ఆర్లిడ్జ్ కేసుగా ఉన్న ఈ తీర్పులో లార్డులు ఆయన మాట వినలేదు. ప్రభుత్వ శాఖ అనేది కోర్టు కాదు, దాని పని పద్ధతి దానిది. శాఖలో జరిగే ప్రతిదానికీ మంత్రి పార్లమెంటుకు బాధ్యుడు అని ఆ లార్డుల్లో ఒకరైన హాల్డేన్ వివరించాడు. అంటే అక్కడ రక్షణ హియరింగులో లేదు, న్యాయమూర్తి దగ్గరా లేదు. పార్లమెంటులో లేచి ప్రశ్న అడిగే సభ్యుడి దగ్గర ఉంది. ఇంగ్లండులో ఫ్రెంచి తరహా పరిపాలనా న్యాయం లేదని అన్న డైసీ, 1915లో రాసిన ఒక వ్యాసంలో ఈ తీర్పును ముందు పెట్టుకుని, తమ దేశం కూడా ఆ దిశగా కొంత జరుగుతోందని ఒప్పుకోవలసి వచ్చింది.

1943లో కార్ల్‌టోనా కేసు వచ్చేసరికి మంత్రి పేరుతో ఆయన శాఖ అధికారులు నిర్ణయించడం చట్టబద్ధమేనని ఇంగ్లండు కోర్టులు స్థిరపరిచాయి. ఆర్లిడ్జ్ అడిగినదాన్ని తీర్చింది కోర్టు కాదు, ఒక కమిటీ. 1957లో ఫ్రాంక్స్ కమిటీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలను బయటపెట్టాలని సిఫారసు చేయగా ప్రభుత్వం అంగీకరించింది. తర్వాత పట్టణ ప్రణాళిక అప్పీళ్లలో నిర్ణయాధికారాన్నే ఇన్‌స్పెక్టర్లకు బదిలీ చేసే వీలును 1968 చట్టం కల్పించింది. అలా ఇవాళ అక్కడ చాలా అప్పీళ్లలో ఇంటినీ స్థలాన్నీ చూసి, వాదన విన్న మనిషే ఉత్తర్వు రాస్తాడు. సుబ్బారావు గారు తీర్పు ద్వారా ఏం సాధించాలనుకున్నారో దాన్ని వాళ్లు ఆఫీసు పని పద్ధతి మార్చి, నెమ్మదిగా సాధించారు.

అమెరికా కథ మోర్గన్ కేసులది. కాన్సస్ సిటీ పశువుల సంతలో కమీషన్ ఏజెంట్లు వసూలు చేసుకోగల గరిష్ఠ ధరలను వ్యవసాయ మంత్రి నిర్ణయించాడు. సాక్ష్యాలను నమోదు చేసింది ఒక ఎగ్జామినర్, మౌఖిక వాదన విన్నది తాత్కాలికంగా మంత్రి స్థానంలో ఉన్న అధికారి, ఉత్తర్వు మీద సంతకం చేసింది మంత్రి. 1936లో సుప్రీంకోర్టు, నిర్ణయించేవాడే వినాలి అని ఒక్క వాక్యంలో చెప్పింది. వినడం అంటే ఎదుట కూర్చుని వినడమే కానక్కర్లేదని, సాక్ష్యాన్ని చదివి తూచి చూస్తే చాలునని కూడా చెప్పింది. మరి ఆ మంత్రి నిజంగా చదివాడా? ఈ విషయం మీద సాక్ష్యం తీసుకోగా, వేల పుటల రికార్డు తన బల్ల మీద ఉండేదని, అప్పుడప్పుడు తెరిచి దాని ధోరణి తెలుసుకున్నానని, సారాంశాన్నీ వాదన పత్రాలనూ చదివి, శాఖలోని వారితో చర్చించానని మంత్రి చెప్పినట్టు 1938 నాటి రెండో మోర్గన్ తీర్పులో ఉంది. ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. మన సచివాలయంలో నోట్ ఫైలు ఎలా కదులుతుందో తెలిసినవారికి ఆ బల్ల, ఆ కాగితాల దొంతర, ఆ సారాంశం కళ్లకు కడతాయి.

నాలుగో మోర్గన్ తీర్పు 1941లో వచ్చింది. మంత్రిని బోనెక్కించి, నీ మనసులో ఆలోచన ఎలా సాగిందని అడగడం తగదని, న్యాయమూర్తిని అలా అడగలేనట్టే మంత్రినీ అడగరాదని జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ తలుపు మూసేశాడు. నిర్ణయించేవాడే వినాలన్న సూత్రం పుస్తకంలో ఉంది, కానీ విన్నాడో లేదో తవ్వి చూసే దారి లేదు. అమెరికా ఈ ప్రతిష్టంభన నుంచి చట్టం ద్వారా బయటపడింది. 1946 నాటి చట్టం విచారణ జరిపే అధికారిని దర్యాప్తు చేసేవారి నుంచీ, కేసు నడిపేవారి నుంచీ వేరుచేసింది. సాక్ష్యం విన్న ఆ అధికారే తొలి నిర్ణయమో సిఫారసో రాయాలి, అది కక్షిదారులకు అందాలి, దానిలో తప్పులు ఎత్తిచూపే అవకాశం వాళ్లకు ఉండాలి, పైవాడు మార్చదలిస్తే ఆ రికార్డు పునాది మీదనే మార్చాలి. పైవాడి మనసులోకి తొంగిచూడలేకపోయినా, వినిన మనిషి కలం నుంచి వచ్చిన కాగితం ఒకటి అందరి ముందూ ఉంటుంది. మన దేశంలో ఈ తరహా సాధారణ పరిపాలనా విధాన చట్టం ఇప్పటికీ లేదు. ఆ లోటును ఒక్కొక్క కేసులో సహజ న్యాయ సూత్రాలే పూడ్చవలసి వస్తోంది. మన కోర్టుల మీద పడుతున్న బరువులో పెద్ద భాగం ఈ లోటు వల్లనేనని నా అభిప్రాయం.

ఫ్రాన్సుకు వచ్చేసరికి ప్రశ్న రూపమే మారిపోతుంది. అధికారి ముందు చెప్పుకునే హక్కు అక్కడ లేదనుకోకూడదు. పారిస్‌లోని సాన్ దెనీ బులెవార్ మీద పత్రికలు అమ్మే కియోస్కు అనుమతిని ఒక వితంతువు నుంచి వెనక్కి తీసుకున్నప్పుడు, ఆమె మీద వచ్చిన ఆరోపణ గురించి ముందుగా ఆమెను అడగలేదన్న ఒక్క కారణంతో కోన్సెయ్ దెతా 1944 మే 5న ఆ ఉత్తర్వును రద్దు చేసింది. త్రోంపియే-గ్రావియే తీర్పు అని పేరుపడిన ఇది, జర్మన్ ఆక్రమణ కింద పారిస్ ఉన్న రోజుల్లో వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. అయితే ఎదుటపడి చెప్పుకోవాలనీ, చెప్పుకున్నది సంతకం పెట్టే మనిషికే చెప్పుకోవాలనీ ఫ్రెంచి న్యాయం అంతగా పట్టుబట్టదు. రాతపూర్వకంగా చెప్పుకునే అవకాశం, సంతకం చేసే అధికారం ఎవరికి అప్పగించారో ముందే ప్రకటించి ఉండటం దానికి ముఖ్యం. ఆ నిదానానికి కారణం తర్వాతి దశలో ఉంది.

ఆ తర్వాతి దశను చూపించడానికి 1954 నాటి బారెల్ కేసును మించినది లేదు. అప్పట్లో ఉన్నత ప్రభుత్వోద్యోగులను తయారుచేసిన జాతీయ పరిపాలనా పాఠశాల ప్రవేశ పోటీకి హాజరుకాకుండా కొందరు అభ్యర్థుల పేర్లను ప్రభుత్వం తీసేసింది. కమ్యూనిస్టు భావాలు ఉన్నందుకే తమను ఆపారని వాళ్లు కోన్సెయ్ దెతాకు వెళ్లారు. ఉత్తర్వులో కారణం రాయలేదు. అప్పట్లో అలా రాయాలన్న నియమం కూడా లేదు. మన రిట్ విచారణలో అయితే ఇక్కడ పిటిషనర్ చేతులు కట్టేసినట్టే: ఆరోపణ ఆయనది, రుజువు ప్రభుత్వ బీరువాలో ఉంది, కౌంటర్ అఫిడవిట్లో "ఆరోపణలన్నీ నిరాధారం" అన్న ఒక్క వాక్యం వస్తుంది. కోన్సెయ్ దెతా విచారణ విభాగం, ఆ అభ్యర్థుల ఫైళ్లను తమ ముందు పెట్టమని ప్రభుత్వాన్ని అడిగింది. ప్రభుత్వం పెట్టలేదు. పెట్టలేదు కాబట్టి అభ్యర్థులు చెప్పిన కారణమే నిజమని భావించవలసి ఉంటుందని చెప్పి, ఆ నిర్ణయాన్ని రద్దు చేసింది. పౌరుడు చెప్పుకున్నది అధికారి విన్నాడా లేదా అన్న చర్చ అక్కడ చిన్నదైపోవడానికి కారణం, ఆ అధికారి ఫైలునే తెప్పించుకుని చదివే న్యాయమూర్తి వెనక ఉండటం.

డైసీ శంక సరిగ్గా ఈ న్యాయమూర్తి మీదే. పరిపాలన నుంచే వచ్చినవాడు, మంత్రిత్వ శాఖల్లో కొన్నాళ్లు పనిచేసి మళ్లీ తిరిగివచ్చేవాడు ప్రభుత్వం వైపే మొగ్గుతాడు కదా అని. బారెల్ కేసు చదివాక నాకు దానికి ఎదురు ఆలోచన బలపడింది: ఏ ఫైలులో ఏముంటుందో, ఏ గది నుంచి దాన్ని అడగాలో తెలిసినవాడు లోపలివాడే. అలాగని ఆ ఏర్పాటు మచ్చలేనిదేమీ కాదు. కేసు మీద తన స్వతంత్ర అభిప్రాయాన్ని కోర్టు హాలులో బహిరంగంగా చెప్పే అధికారి, ఆ తర్వాత న్యాయమూర్తులు లోపల చర్చించుకునే గదిలో కూడా పాలుపంచుకోవడం సరికాదని 2001లో క్రెస్ కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఫ్రాన్సును తప్పుపట్టింది. ఎవరు విన్నారు, ఎవరు తేల్చారు, మధ్యలో ఎవరు ఉన్నారు అన్న మన ప్రశ్నే అక్కడ న్యాయస్థానం గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

మన దగ్గర కూడా ఆ లోపలివాడి అనుభవాన్ని న్యాయపీఠం మీద కూర్చోబెట్టే ప్రయత్నం ఒకటి జరిగింది. 42వ సవరణతో వచ్చిన 323-ఏ అధికరణం, దాని కింద వచ్చిన 1985 చట్టం ప్రభుత్వోద్యోగుల సర్వీసు వివాదాలను హైకోర్టుల నుంచి తీసి పరిపాలనా ట్రిబ్యునళ్లకు అప్పగించాయి. వాటిలో న్యాయ సభ్యుడి పక్కన పరిపాలనా సభ్యుడు కూడా ఉంటాడు. హైకోర్టు అధికారాన్ని అలా మినహాయించడం చెల్లదని 1993లో సకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి తేల్చింది; 1997లో ఎల్. చంద్రకుమార్ తీర్పుతో సుప్రీంకోర్టు కూడా ఆ ఫలితానికే వచ్చింది. తర్వాతి కాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర ఉద్యోగుల ట్రిబ్యునల్ లేకుండా పోయింది. హైకోర్టు అధికారాన్ని కాపాడిన తీర్పులు సరైనవేనని నేను నమ్ముతాను. అయినా ఫైలును చదవడం తెలిసిన న్యాయమూర్తిని తయారుచేసే బడి మాత్రం మనకు ఏర్పడలేదన్న బాధ నాకుంది. ఫ్రాన్సులో ఆ బడికి రెండు శతాబ్దాల వయసు ఉంది.

జర్మనీ దగ్గర మన విద్యార్థులు ఎక్కువగా తడబడతారు. అక్కడి 1976 నాటి పరిపాలనా విధాన చట్టం 28వ సెక్షన్, ఒకరి హక్కులకు భంగం కలిగించే ఉత్తర్వు ఇచ్చే ముందు ముఖ్యమైన విషయాల మీద ఆయన చెప్పుకునే అవకాశం ఇవ్వాలంటుంది. అది చదివి, మనలాగే ఉందని అనుకుంటాం. కానీ 45వ సెక్షన్ ప్రకారం, ఆ అవకాశం ఇవ్వకపోతే తర్వాత ఇచ్చి ఆ లోపాన్ని సరిచేసుకోవచ్చు, వ్యవహారం పరిపాలనా కోర్టులో నడుస్తుండగా కూడా. 46వ సెక్షన్ ప్రకారం, ఆ లోపం నిర్ణయం మీద ప్రభావం చూపలేదన్నది స్పష్టమైతే ఆ ఒక్క కారణంతో ఉత్తర్వును రద్దు చేయమని అడగడానికి వీల్లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడాన్ని చట్టమే అనుమతిస్తోందేమిటని మన లాయరుకు అనిపించడం సహజం. అయితే ఆ చట్టాన్ని దాని ఇరుగుపొరుగుతో కలిపి చదవాలి. 1949 నాటి జర్మన్ రాజ్యాంగం 19వ అధికరణం నాలుగో క్లాజు, ప్రభుత్వ చర్య వల్ల హక్కు దెబ్బతిన్న ప్రతివాడికీ కోర్టు తలుపు తెరిచి ఉంచాలని శాసిస్తుంది. పరిపాలనా కోర్టుల విధానాన్ని నిర్దేశించే 1960 నాటి చట్టం, వాస్తవాలను న్యాయమూర్తి తనంతట తానే విచారించాలని, కక్షిదారులు తెచ్చిన సాక్ష్యానికే కట్టుబడి ఉండనక్కర్లేదని చెబుతుంది. అంటే ఆఫీసులో వినకపోయినా, కోర్టులో అదే విషయాన్ని మొదటి నుంచీ, వాస్తవాలతో సహా వింటారు. అటువంటి చోట హియరింగు లోపం మన దగ్గరున్నంత ప్రాణాంతకం కాదు.

ఇప్పుడు మళ్లీ హైదరాబాదుకు వస్తే ఈ పోలిక ఎందుకు అవసరమో కనిపిస్తుంది. క్రమశిక్షణ చర్యల్లో విచారణాధికారి ఒకరు, శిక్ష విధించే అధికారి మరొకరు. విచారణాధికారి నివేదికను ఉద్యోగికి చూపించాలా అన్నది హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ పేరుతో నడిచిన కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆర్లిడ్జ్ హాంప్‌స్టెడ్‌లో అడిగి పొందలేకపోయినదే ఈ ప్రశ్న. చూపించాల్సిందేనని, దాని మీద చెప్పుకునే అవకాశం ఉద్యోగి హక్కని కోర్టు స్పష్టంగా చెప్పింది. కానీ చూపించకపోయినంత మాత్రాన శిక్ష రద్దయిపోదని, చూపించనందువల్ల తనకు నష్టం జరిగిందని తేలాలని కూడా చెప్పింది. ఆ తర్వాత, సహజ న్యాయ సూత్రాల ఉల్లంఘన జరిగిందన్న ప్రతి వాదనకూ ఎదురుగా "నష్టమేమిటో చూపించండి" అన్న ప్రశ్న మన కోర్టుల్లో స్థిరపడిపోయింది. వినేవాడు, తేల్చేవాడు ఒకరే కావాలన్న గుళ్లపల్లి సూత్రాన్ని కూడా, రాతపూర్వక రికార్డు పూర్తిగా ఉన్న సందర్భాల్లో సుప్రీంకోర్టు తర్వాత కొంత సడలించింది.

పైపైన చూస్తే ఇది జర్మనీ 46వ సెక్షన్ లాంటిదే. కానీ అక్కడ ప్రభావం లేదన్నది స్పష్టంగా తేలితేనే ఉత్తర్వు నిలుస్తుంది, అనుమానం మిగిలితే లాభం పౌరుడిది; ఆ సంగతి తేల్చడానికి న్యాయమూర్తి తనంతట తాను విచారిస్తాడు. మన దగ్గర నష్టం చూపించే భారం ఉద్యోగి మీద పడుతుంది, ఆ భారం మోసే వేదిక అఫిడవిట్ల మీద నడిచే రిట్ విచారణ, అక్కడ హైకోర్టు వాస్తవాల లోతుకు దిగడానికి సహజంగానే వెనకాడుతుంది. హియరింగు లోపాన్ని క్షమించడానికి జర్మనీ చెల్లించిన మూల్యం కోర్టులో పూర్తి విచారణ. ఆ మూల్యం చెల్లించకుండా క్షమాపణను మాత్రం తెచ్చుకుంటే పౌరుడు రెండు చోట్లా నష్టపోతాడు. సుబ్బారావు గారి పట్టుదల కొందరికి మరీ చాదస్తంగా కనిపించవచ్చు కానీ, కోర్టులో వాస్తవాలు మళ్లీ తెరవని వ్యవస్థలో ఆఫీసు హియరింగే పౌరుడికి మొదటి, చివరి అవకాశం; ఆ దృష్టితో చూస్తే అది ఎంతో ఆచరణాత్మకమైన పట్టుదల. బస్సు యజమానులు రెండోసారి ఓడిపోయిన మాట నిజమే. కానీ రెండోసారి వాళ్ల మాట విన్నది, ఆ పథకాన్ని ఆపగల అధికారం ఉన్న మనిషి. ఆ విద్యార్థిని ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే.

ఈ ప్రశ్న ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖలో కొత్త రూపం ఎత్తింది. 2020 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం విస్తృతంగా అమలులోకి తెచ్చిన ఫేస్‌లెస్ అసెస్‌మెంటులో (అధికారీ పన్ను చెల్లించేవాడూ ఎదురుపడకుండా పన్ను తేల్చే పద్ధతిలో), విజయవాడ వ్యాపారి లెక్కలను ఏ ఊళ్లోని అధికారి చూస్తున్నాడో ఆయనకు తెలియదు. లెక్క తేల్చేది ఒక యూనిట్, వివరాలు సరిచూసేది ఇంకొకటి, సాంకేతిక సలహా ఇచ్చేది మరొకటి, ముసాయిదాను సమీక్షించేది వేరొకటి. మొదట్లో వీడియో ద్వారా వ్యక్తిగత హియరింగు ఇవ్వడం ఇవ్వకపోవడం శాఖ ఇష్టంగా ఉండేది. ఈ విషయం మీద హైకోర్టుల్లో చాలా రిట్లు పడ్డాయి. 2022 ఆర్థిక చట్టం తర్వాత, నోటీసు అందిన వ్యక్తి కోరితే ఇవ్వాలన్న నియమం వచ్చింది. ముఖాలు దాచడం అవినీతికి అడ్డుకట్ట అన్న ఉద్దేశంతో నాకు పేచీ లేదు. కానీ ఆర్లిడ్జ్ వేసిన రెండు ప్రశ్నలు, నా సంగతి ఎవరు నిర్ణయించారు, వాళ్ల ముందున్న కాగితంలో ఏముంది అన్నవి, ఇక్కడ మళ్లీ యథాతథంగా లేస్తాయి.

ఇతర దేశాలు ఇంకో అడుగు ముందుకేశాయి. విచక్షణకు తావులేని విషయాల్లో, చట్టం అనుమతిస్తే, మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే పూర్తిగా ఉత్తర్వు జారీ చేయవచ్చని జర్మనీ తన విధాన చట్టంలో 35-ఏ సెక్షన్ చేర్చింది. అది 2017 నుంచి అమలులో ఉంది. ఫ్రాన్సు 2016 చట్టంతో, అల్గారిథం (కంప్యూటరు అనుసరించే లెక్కల నియమావళి) ఆధారంగా ఇచ్చిన వ్యక్తిగత నిర్ణయంలో ఆ సంగతిని రాయాలని, అడిగితే అది ఎలా పనిచేసిందో వివరించాలని నియమం పెట్టింది. తనంతట తాను నేర్చుకుంటూ నియమాలు మార్చుకునే అల్గారిథాన్ని, దాని పనితీరు మీద అధికారికి అదుపు లేనప్పుడు, నిర్ణయానికి ఏకైక ఆధారంగా వాడరాదని 2018 జూన్ 12న ఫ్రెంచి రాజ్యాంగ మండలి చెప్పింది. ఒక దేశం యంత్రాన్ని విచక్షణ లేని గదికే పరిమితం చేసింది, మరొకటి యంత్రం చేసిన పనిని అధికారి వివరించగలగాలంది. మన 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, నిర్ణయానికి కారణాలను దానివల్ల ప్రభావితులైనవారికి ప్రభుత్వ సంస్థలే తెలియజేయాలని ఎప్పుడో చెప్పింది. ఈ కొత్త ప్రశ్నకు మన కోర్టులు జవాబు వెతికేటప్పుడు పరాయి తీర్పులతో పాటు ఆ సెక్షన్‌ను, 1958 నాటి ఆ మొదటి గుళ్లపల్లి తీర్పును బల్ల మీద పెట్టుకోవాలని నేను కోరుకుంటాను. ఈ సబ్జెక్టులో పరిశోధన చేయదలచిన తెలుగు విద్యార్థులకు, ఫేస్‌లెస్ అసెస్‌మెంటు మీద మన రెండు హైకోర్టులు ఇచ్చిన ఉత్తర్వులను ఆర్లిడ్జ్, మోర్గన్ తీర్పుల పక్కన పెట్టి చదవడం మంచి అంశం. ఎవరైనా మొదలుపెడితే చదవడానికీ చర్చించడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.